చిన్న ట్రక్కును కోరువారు కలరా? డిమాండును గురించి ఒక పాఠము

అర్థశాస్త్రము చదువు విద్యార్థికి తొలినాళ్ళలోనే ఎదురగు మాట ‘డిమాండు’. కోరిక వేరు, డిమాండు వేరు అని అధ్యాపకులు మనకు చెప్పుదురు. వస్తువు కావలెనను కోరిక, దానిని కొనగల శక్తి, ఆ డబ్బును దానికే వెచ్చించుటకు సంసిద్ధత, ఈ మూడును కలిసినప్పుడే డిమాండు అగునని నిర్వచనము. పరీక్షలో ఈ మూడు మాటలు వ్రాసినచో మార్కులు వచ్చును. కాని బజారులో నిలబడి చూచినప్పుడు మరొక సందేహము కలుగును. కోరిక ఉన్నది, చేతిలో డబ్బు ఉన్నది, వెచ్చించుటకు మనసు కూడ ఉన్నది. వస్తువే అంగడిలో లేదు. అట్టి డిమాండును ఎవరు లెక్కించవలెను? ఏ ఖాతాలో వ్రాసుకొనవలెను?

ఈ ప్రశ్నను ఒక ఉదాహరణతో పరిశీలించుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము. ఉదాహరణగా మనము తీసికొనునది అమెరికా సంయుక్త రాష్ట్రములలో కారు ఆధారముగా తయారగు చిన్న పికప్ ట్రక్కు. అది మన వీధులలో కనబడు వస్తువు కాదు. అయినను దానిని ఎన్నుకొనుటకు కారణము కలదు. ఆ వాహనముల పుట్టుక, అమ్మకము, వాటిపై సుంకము, చట్టము, అన్నియు అరువది ఏండ్లకు పైగా లెక్కలలో నిలిచి ఉన్నవి. ఒక వస్తువును ప్రజలు కోరలేదా, లేక వారికది అందలేదా అని తేల్చి చూచుటకు ఇంతకంటె తేటయైన ఉదాహరణము దొరకుట అరుదు.

వస్తువు ఎట్టిది?

పికప్ ట్రక్కు అనగా ముందు మనుషులు కూర్చొను క్యాబిను, వెనుక పైకప్పు లేని సామాను తొట్టి కలిగిన వాహనము. నిర్మాణమును బట్టి ఇవి రెండు జాతులు. మొదటిది లారీ జాతి. నిచ్చెన ఆకారముగల బలమైన ఉక్కు ఛాసిస్ క్రింద ఉండును. క్యాబినును, తొట్టిని వేరువేరుగా దానిపై బిగింతురు. ఇది ఎక్కువ బరువు మోయును, పెద్ద ట్రెయిలరును లాగును. అయితే ఎత్తుగా, బరువుగా ఉండును. ఇంధనము ఎక్కువ త్రాగును. ఖాళీగా పోవునప్పుడు గతుకులలో కుదుపులు ఎక్కువ.

రెండవది కారు జాతి. ఒక కారుయొక్క ఇంజను, చక్రములు, ముందుభాగము అట్లే ఉంచి, వెనుక భాగమును తొట్టిగా మార్చుదురు. ఇది లారీ అంత బరువు మోయలేదు. కాని కారు వలె నడచును, కారు వలె ఇంధనము ఆదా చేయును, కారు నిలుపు చోటనే నిలుచును. వారమునకు ఒకనాడు సిమెంటు బస్తాలో, తోటపని సామానో, మోటారు సైకిలో తెచ్చుకొను గృహస్థునకు ఇంతకంటె ఎక్కువ అక్కర లేదని దీని పక్షమువారి వాదము. “అట్టి బండిని ఎవరు కొందురు? ట్రక్కు కావలసినవాడు ట్రక్కు కొనును, కారు కావలసినవాడు కారు కొనును” అని ఎదుటి పక్షమువారి వాదము. ఎవరి వాదము నిజమో చరిత్రను అడుగుదము.

అమెరికాలో తొలి అనుభవము

ఫోర్డు కంపెనీ 1957 నమూనాగా ‘రాంచెరో’ను విడుదల చేసినది. అది ఫోర్డు స్టేషన్ వ్యాగనుపై ఆధారపడిన పికప్. దానిని చూచి షెవ్రొలే కంపెనీ 1959 లో ‘ఎల్ కామినో’ను తెచ్చినది. మొదటి యేడు ఎల్ కామినోలు రమారమి 22 వేలు అమ్ముడుపోయినవి. మరుసటి యేడు 14 వేలకు దిగినవి. కంపెనీ దానిని ఆపివేసి, తిరిగి 1964 లో కొంత చిన్న ఆకారముతో ప్రవేశపెట్టినది. రాంచెరో 1979 తోను, ఎల్ కామినో 1987 తోను ముగిసినవి. ఇరువది, ముప్పది ఏండ్లు బ్రతికిన వస్తువును ఎవరును కోరలేదనుట న్యాయము కాదు. అయితే ఈ రెండును చాల కాలము నిజమైన చిన్న బండ్లు కావు. పెద్ద ఇంజనుతో, వేగము కొరకును, సొగసు కొరకును కొనబడిన బండ్లుగా మారినవి.

నిజముగా చిన్నవి 1970 దశాబ్దము చివర వచ్చినవి. సుబారు కంపెనీ 1978 లో ‘బ్రాట్’ను జపాను నుండి తెచ్చి అమ్మినది. ఫోక్స్‌వాగన్ కంపెనీ తన ‘రాబిట్’ కారు ఆధారముగా పికప్‌ను పెన్సిల్వేనియా రాష్ట్రములోని తన కర్మాగారములోనే తయారుచేసినది. డాడ్జ్ కంపెనీ ‘రాంపేజ్’ను 1982 లో విడుదల చేసినది. రాంపేజ్ మూడేండ్లకే, 1984 లో, ఆగిపోయినది. రాబిట్ పికప్ కూడ అప్పటికే ముగిసినది. బ్రాట్ 1987 వరకు నడచినది. ఈ మూడింటిని చూపి, “ప్రజలు పరీక్షించి తిరస్కరించిరి” అని కంపెనీలవారు చాల కాలము చెప్పుచు వచ్చిరి.

కోడిమాంసముతో వచ్చిన సుంకము

ఇక్కడ విద్యార్థి ఆగి, ఆ పరీక్ష ఏ పరిస్థితులలో జరిగినదో విచారింపవలెను. 1962 లో యూరపులోని ఉమ్మడి విపణి దేశములు అమెరికా నుండి వచ్చు కోడిమాంసముపై సుంకము పెంచినవి. దానికి బదులుగా అమెరికా అధ్యక్షుడు జాన్సన్ 1963 డిసెంబరులో ఒక ప్రకటన చేసెను. బంగాళదుంప పిండి, డెక్‌స్ట్రిన్, బ్రాందీ, చిన్న ట్రక్కులు, ఈ నాలుగింటి దిగుమతిపై 25 శాతము సుంకము 1964 నుండి అమలులోనికి వచ్చెను. ట్రక్కులను చేర్చుటకు కారణము పశ్చిమ జర్మనీ నుండి వచ్చుచున్న ఫోక్స్‌వాగన్ వాహనములు. కాలక్రమమున తక్కిన మూడింటిపై ఆ సుంకము పోయినది. ట్రక్కులపై మాత్రము నిలిచినది. కోళ్ళ తగవు వలన పుట్టినది గనుక దీనికి ‘చికెన్ టాక్స్’ అని పేరు వచ్చెను.

దీని ఫలితములు చిత్రముగా ఉండెను. జపాను కంపెనీలు తొట్టి లేకుండ క్యాబినును, ఛాసిస్‌ను మాత్రమే ఓడలో పంపి, తొట్టిని అమెరికాలో బిగించి తక్కువ సుంకముతో బయటపడుచుండెను. 1980 లో ఆ దారి మూసివేయబడినది. సుబారువారు బ్రాట్ తొట్టిలో వెనుకకు తిరిగిన రెండు ప్లాస్టిక్ కుర్చీలు బిగించి, ఇది ట్రక్కు కాదు, మనుషులు ప్రయాణించు కారు అని చూపి సుంకము తప్పించుకొనిరి. వర్షములోను, చలిలోను ఆ కుర్చీలపై కూర్చొని పోవలెనని కోరిన కొనుగోలుదారులు ఎందరుందురు? ఆ కుర్చీలు కొనుగోలుదారు కోరికకు కాదు, సుంకపు పట్టికకు సమాధానము.

నాలుగింట ఒక వంతు సుంకము చిన్న వస్తువుకే ఎక్కువ భారము. పెద్ద ట్రక్కుపై లాభము ఎక్కువ. ఖరీదును కొంత పెంచినను కొనువాడు కొనును. చిన్న బండిని కొనువాడు చౌకదనము చూచి వచ్చినవాడు. అతని డిమాండునకు వ్యాకోచత్వము ఎక్కువ. ధర కొంచెము పెరిగినను వెనుకకు పోవును. కనుక విదేశములలో చౌకగా తయారగుచున్న చిన్న పికప్‌లు అమెరికా అంగడికి రాలేకపోయినవి.

అయితే సుంకము ఒక్కటే కారణమనుట సగము సత్యము. రాబిట్ పికప్, రాంపేజ్ రెండును అమెరికాలోనే తయారైనవి. వాటిని సుంకము తాకలేదు. అవి ఎందుకు నిలువలేదు? ఆ కాలముననే షెవ్రొలే ‘ఎస్-10’, ఫోర్డు ‘రేంజర్’ వంటి లారీ జాతి చిన్న ట్రక్కులు వచ్చినవి. అవి కూడ చిన్నవే, అందుబాటు ధరవే, పైగా ఎక్కువ బరువు మోయగలవి. కారు జాతి బండిలోను ఇద్దరికే చోటు, లారీ జాతి బండిలోను ఇద్దరికే చోటు. అట్టి చోట కొనుగోలుదారు బలమైనదానిని ఎన్నుకొనుటలో ఆశ్చర్యము లేదు. దగ్గర ప్రత్యామ్నాయము ఉన్న వస్తువు తన ప్రత్యేకత చూపనిదే నిలువదు. రాంపేజ్ ఓటమి చెప్పు పాఠము ఇంతవరకే. చిన్న ట్రక్కును ప్రజలు కోరలేదని అది చెప్పదు. వారు మరొక చిన్న ట్రక్కును కొనిరని చెప్పును.

ప్రత్యామ్నాయము పెరిగి పెద్దదైనది

తరువాతి ముప్పది ఏండ్లలో ఆ ప్రత్యామ్నాయమే మారిపోయినది. లారీ జాతి చిన్న ట్రక్కులు ప్రతి కొత్త నమూనాకు పొడవుగా, ఎత్తుగా, ఖరీదుగా పెరిగినవి. దీనికి చట్టము కూడ కొంత దోహదము చేసినది. వాహనములు లీటరుకు ఎంత దూరము నడువవలెనో నిర్ణయించు అమెరికా నిబంధనలు 2006 లో ట్రక్కుల విషయమున మారినవి. నాలుగు చక్రముల నడుమనున్న వైశాల్యము ఎంత ఎక్కువైన, చేరవలసిన లక్ష్యము అంత సులభమగునట్లు లెక్క కట్టిరి. చిన్న ట్రక్కు కఠినమైన లక్ష్యమును అందుకొనవలెను. పెద్ద ట్రక్కునకు వెసులుబాటు ఉన్నది. లాభము పెద్దదానిలో, చట్టపు వెసులుబాటు పెద్దదానిలో ఉండగా చిన్నదానిని చేయుటకు కంపెనీకి ఉత్సాహమెక్కడిది? ఫోర్డు చిన్న రేంజర్ తయారీ అమెరికాలో 2011 లో ఆగిపోయినది. అదే పేరుతో 2019 లో వచ్చినది అంతకంటె పెద్ద బండి.

ఈ నడుమ సుబారు కంపెనీ 2003 లో నాలుగు తలుపుల ‘బాజా’ను అమ్మి చూచినది. దాని తొట్టి మిక్కిలి పొట్టిది. ధర సుమారు 24 వేల డాలర్లు. ఆ ధరకు ఆనాడు పెద్ద ట్రక్కే వచ్చును. అది 2006 లో ముగిసినది. మరల “ప్రజలకు అక్కర లేదు” అను మాటయే వినవచ్చినది.

2021 లో వచ్చిన సమాధానము

ఇరువది ఏండ్లుగా కంపెనీలు చెప్పుచున్న ఆ మాటను 2021 లో ఫోర్డు కంపెనీయే పరీక్షకు పెట్టినది. తన ‘ఎస్కేప్’ కారుకు వాడిన నిర్మాణముపైనే ‘మావెరిక్’ అను పికప్‌ను విడుదల చేసినది. నాలుగు తలుపులు, ఐదుగురికి చోటు, నాలుగున్నర అడుగుల తొట్టి, 680 కిలోల మోత. పెట్రోలుతోను బ్యాటరీతోను నడచు హైబ్రిడ్ ఇంజను అన్నిటికంటె చౌక నమూనాకే ఇచ్చిరి. నగరములో లీటరుకు రమారమి 18 కిలోమీటర్లు నడచును. ప్రారంభ ధర 19,995 డాలర్లు. తయారీ మెక్సికోలోని హెర్మొసీయో నగరములో. ఉత్తర అమెరికా వాణిజ్య ఒప్పందము వలన దానికి చికెన్ టాక్స్ వర్తించలేదు.

ఫలితమును చూడుడు. 2022 నమూనాకు ఆర్డర్లు నిండిపోయి, ఆ యేడు జనవరి చివరనే కంపెనీ కొత్త ఆర్డర్లు తీసికొనుట ఆపవలసి వచ్చినది. 2022 లో సుమారు 74 వేలు, 2023 లో 94 వేలు, 2024 లో 1 లక్ష 31 వేలు అమ్ముడుపోయినవి. ముప్పది, నలువది ఏండ్లు ‘లేదు’ అనబడిన డిమాండు ఒక్క యేడులో ఆకాశము నుండి ఊడిపడలేదు. అది అక్కడనే ఉండెను. దానికి తగిన వస్తువు, తగిన ధర లేకుండెను.

అదే కాలములో హ్యుందాయ్ కంపెనీ ‘టూసాన్’ కారు ఆధారముగా ‘సాంటా క్రూజ్’ను అలబామా రాష్ట్రములో తయారుచేసి అమ్మినది. చక్కని బండి, కాని ప్రారంభ ధర సుమారు 24 వేల డాలర్లు, హైబ్రిడ్ ఇంజను లేదు. 2022 లోను, 2023 లోను యేటికి 36 వేలకు కొంచెము పైగా అమ్ముడుపోయి, 2024 లో 32 వేలకు దిగినది. ఒకే జాతి వస్తువు, ఒకే దేశము, ఒకే కాలము; అమ్మకములలో ఇంత భేదము. ఫోర్డు పేరునకు ట్రక్కు కొనువారిలో ఉన్న పలుకుబడి కూడ దీనికొక కారణమే. అయినను ప్రజలు కోరినది ‘చిన్న ట్రక్కు’ అను పేరును కాదనియు, చౌకదనము, ఇంధనపు ఆదా, కుటుంబమునకు చోటు, అవసరమైనప్పుడు సామానుకు చోటు, ఈ నాలుగింటి కలయికను అనియు దీనివలన మనము గ్రహింపవచ్చును.

ఇంకొక లెక్కను దాచుట తగదు. ఫోర్డువారి పెద్ద ‘ఎఫ్’ శ్రేణి ట్రక్కులు 2024 లో 7 లక్షలకు పైగా అమ్ముడుపోయినవి. చిన్నదానిని కోరువారు కలరు. పెద్దదానిని కోరువారు అంతకు అనేక రెట్లు కలరు. అంతేకాక మావెరిక్ ప్రారంభ ధర కూడ పెరుగుచు వచ్చి 2025 నమూనాకు 26 వేల డాలర్లు దాటినది. చౌకదనము చూచి చేరినవారు ఎంతవరకు నిలుతురో రాబోవు లెక్కలే చెప్పవలెను.

ఇతర దేశముల సాక్ష్యము

బ్రెజిల్ దేశములో ఫియట్ కంపెనీ 1978 లోనే తన ‘147’ కారునుండి చిన్న పికప్‌ను చేసినది. 1998 లో వచ్చిన ‘స్ట్రాడా’ ఆ వంశములోనిదే. దీనిలో మొదట ఇద్దరికే చోటుండెను. క్రమముగా వెనుక సీటు, 2020 లో నాలుగు తలుపులు వచ్చినవి. ఆ మరుసటి యేడు, 2021 లో, బ్రెజిల్ దేశమంతటను కార్లతో సహా అన్ని వాహనములకంటె ఎక్కువగా అమ్ముడుపోయినది స్ట్రాడాయే. అక్కడ దానిని చిల్లర వర్తకుడు, రైతు, మేస్త్రీ కొందురు. అదే బండిలో సాయంత్రము కుటుంబముతో పోవుదురు.

ఆస్ట్రేలియాలో కథ వేరుగా ముగిసినది. అక్కడ కారు జాతి పికప్‌ను ‘యూట్’ అందురు. ఆదివారము చర్చికి పోవుటకును, సోమవారము పందులను సంతకు తోలుకొనిపోవుటకును పనికివచ్చు బండి కావలెనని ఒక రైతు భార్య ఫోర్డు కంపెనీకి ఉత్తరము వ్రాసినదనియు, దానికి సమాధానముగా లూయిస్ బాండ్ట్ అను యువ రూపశిల్పి 1934 లో వచ్చిన తొలి యూట్‌ను రూపొందించెననియు అచట చెప్పుకొందురు. ఎనుబది ఏండ్లు నడచిన ఆ జాతి ఫోర్డులో 2016 లోను, హోల్డెన్‌లో 2017 లోను అంతరించినది. 2005 నుండి థాయిలాండ్‌తో సుంకము లేని వర్తకము మొదలై, అచటినుండి నాలుగు తలుపుల లారీ జాతి పికప్‌లు తక్కువ అడ్డంకులతో వచ్చినవి. రెండు సీట్ల యూట్‌లో పట్టని కుటుంబము వాటిలో పట్టినది. కోరిక చావలేదు, తనను పూర్తిగా తీర్చగల వస్తువువైపు తరలినది.

మన వైపు చూచినచో

మన దేశములో సామాను బండి వేరు, ఇంటి కారు వేరు అను భావము బలముగా ఉన్నది. ఆంధ్ర ప్రదేశ్‌లోని శ్రీ సిటీలో 2016 నుండి ఇసుజు కంపెనీ పికప్‌లు తయారగుచున్నవి. అవి లారీ జాతివి. కారు జాతి పికప్ మన వీధులలో స్థిరపడలేదు. అయితే మన డిమాండుకును ఇటువంటి చరిత్ర ఒకటి ఉన్నది. 2005 కు పూర్వము కూరగాయల వర్తకునకు మూడు చక్రముల ఆటో ట్రాలీ ఒకటి, పెద్ద వ్యాను మరొకటి. నడుమ ఏమియు లేదు. ఆ యేడు టాటా కంపెనీ ‘ఏస్’ను తెచ్చినది. దానికి ప్రజలు ‘ఛోటా హాథీ’ అని ముద్దుపేరు పెట్టిరి. లక్షలాదిగా అది అమ్ముడుపోయినది. 2004 లో ఎవడైన లెక్క చూచి ఉన్నచో, ముప్పాతిక టన్ను మోయు చౌక నాలుగు చక్రముల బండి అమ్మకము ‘సున్న’ అని వ్రాసి ఉండును. ఆ సున్న కొనువాని మనసును గురించినది కాదు, అంగడిని గురించినది.

మన విద్యార్థులకు ఇంతకంటె దగ్గర ఉదాహరణము కూడ చెప్పవచ్చును. ఉర్దూ మాధ్యమములో చదువు విద్యార్థి డిగ్రీ పాఠ్యగ్రంథము కొరకు పుస్తకాల దుకాణమునకు పోవుననుకొందము. “ఆ పుస్తకములు ఎవరును అడుగరు, కనుక తెప్పించము” అని దుకాణదారు చెప్పును. దొరకవని తెలిసి విద్యార్థులు అడుగుట మానుదురు. అడుగుట మానిరి గనుక దుకాణదారు తెప్పించడు. వారు మిత్రుని నోట్సు వ్రాసుకొని, లేక మరొక భాష పుస్తకముతో కష్టపడి పరీక్షకు పోవుదురు. దుకాణదారు అబద్ధమాడుటలేదు. అతని ఖాతా నిజమే చెప్పుచున్నది. కాని అడుగుట మానిన విద్యార్థి అందులో లేడు. గ్రంథాలయమునకు ఏ పుస్తకములు కొనవలెను, ఏ కోర్సు తెరువవలెను అని నిర్ణయించు పెద్దలకు కూడ ఇది ఆలోచింపదగిన విషయము.

విద్యార్థి గ్రహింపవలసినది

‘ఈ వస్తువునకు డిమాండు లేదు’ అని తేల్చుటకు ముందు మనము నాలుగు ప్రశ్నలు వేసికొనవలెను. మొదటిది, ఆ వస్తువు అంగడిలో నిజముగా ఉండెనా? రెండవది, దాని ధర కొనువాని శక్తికి తగినట్లు ఉండెనా, లేక సుంకము వలనను, లాభాపేక్ష వలనను చేతికందకపోయెనా? మూడవది, అది ఓడిపోయినప్పుడు కొనువారు దేనిని కొనిరి? నాలుగవది, అమ్మజూపిన వస్తువు కోరిన వస్తువేనా, లేక పేరు మాత్రమే ఒకటై గుణములు వేరా? రాంపేజ్‌కు మూడవ ప్రశ్న, బ్రాట్‌కు రెండవది, బాజాకు రెండవది నాలుగవది, చిన్న రేంజర్ ఆగిన తరువాతి కాలమునకు మొదటిది సమాధానము చెప్పును.

మన మొదటి ప్రశ్నకు సమాధానమును ఇట్లు చెప్పుదము. కారు ఆధారముగా తయారగు చిన్న పికప్‌ను కోరువారు కలరు. వారు అందరును కారు, అందరికంటె ఎక్కువయు కారు. కాని ఒక కర్మాగారమును నడుపుటకు చాలినంతమంది కలరు. ఒకే బండి కొనగల ఇంటివారు, ఆ ఒక్క బండితో రెండు పనులు జరుపుకొనవలసినవారు వారిలో ముఖ్యులు. ధర తగ్గి, కుటుంబమునకు చోటు కలిగి, ఇంధనము ఆదా అయినచో వారు వత్తురు; ఈ మూడింటిలో ఒకటి తప్పినను పెద్ద ట్రక్కునకో, మామూలు కారునకో పోవుదురు.

వాణిజ్యశాస్త్రము చదివి రేపు బ్యాంకులలోను, కంపెనీలలోను, ప్రభుత్వ కార్యాలయములలోను కూర్చొనబోవు మన విద్యార్థుల ముందుకు ఇట్టి అమ్మకపు పట్టికలు అనేకము వచ్చును. వాటిలోని అంకెలను నమ్మవలసినదే. అయితే సున్న కనబడిన చోట కలము ఆపి, ఆ వస్తువును అడిగి లేదనిపించుకొని వెనుదిరిగినవారు ఎందరో విచారించి, ఆ పిదపనే నివేదిక వ్రాయవలెనని మా మనవి.